రచయితకి బ్లాగెందుకు? కొన్ని అపోహలు, వాస్తవాలు

కథల పుస్తకాలకి ఎడిటింగ్ చేస్తుంటాను. "ఐదొందల కాపీలు వేయిస్తే సగం ఇంట్లోనే ఉన్నాయండీ" అనే మాట రచయితల నోట తరచూ వింటాను. బ్లాగు మొదలుపెట్టమంటే మాత్రం చాలామంది దగ్గర జవాబులు తయారుగా ఉంటాయి.

అపోహ: ఫేస్‌బుక్ ఉండగా ఇంకా బ్లాగేమిటి?

వాస్తవం: ఫేస్‌బుక్‌లో పెట్టిన కథకి ఆ సాయంత్రం లైకులు బాగానే వస్తాయి. నెల తిరిగాక దాన్ని వెతికి పట్టుకోవడం రాసినవాళ్లకే కష్టం. బ్లాగు పోస్టు ఏళ్ల తర్వాత కూడా గూగుల్‌లో దొరుకుతుంది. తెలుగు బ్లాగుల్ని ఒకచోట చేర్చే కూడలి సైటు తెరిస్తే కొత్త పోస్టులన్నీ ఒకేచోట కనిపించిన రోజులు ఇప్పుడు లేవు, నిజమే. నచ్చిన బ్లాగుల కొత్త పోస్టుల్ని తెచ్చి చూపించే గూగుల్ రీడర్ కూడా 2013లో మూతపడింది. కాబట్టి రాసేది బ్లాగులో రాసి, లింకుని ఫేస్‌బుక్‌లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ పంచండి. మనవాళ్లు చాలామంది తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి వెతుకుతారు. కథ పేరు, మీ పేరు అలా కూడా ఒకసారి రాసి ఉంచండి. అన్నట్టు, డీటీపీ వాళ్లిచ్చిన అను ఫాంట్ల ఫైలుని నేరుగా అతికిస్తే పిచ్చిగీతలే కనిపిస్తాయి. ముందు యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోన్‌లోనైనా కంప్యూటర్‌లోనైనా తెలుగుగా కనిపించే అక్షరాల్లోకి మార్చి, ఒత్తులు సరిచూసుకోండి.

అపోహ: ఉచితంగా చదివేస్తే పుస్తకం ఎవరు కొంటారు?

వాస్తవం: అమెరికన్ రచయిత ఆండీ వెయిర్ 'ది మార్షియన్' నవలని అధ్యాయాలవారీగా తన వెబ్‌సైట్‌లో ఉచితంగానే పెట్టాడు. అమెజాన్ వాళ్ల ఈ-బుక్ కిండిల్‌లో కావాలని పాఠకులే అడిగితే 2011లో 99 సెంట్లకి ఇచ్చాడు. 2014లో క్రౌన్ సంస్థ దాన్ని అచ్చువేసింది. మన మార్కెట్ అంతది కాదు, అందరికీ అలా జరగదు కూడా. కానీ ఉచితంగా చదివినవాళ్లే అతని పుస్తకానికి మొదటి గిరాకీ.

అలాగని కొత్త కథ రాయగానే బ్లాగులో పెట్టేయకండి. బ్లాగుల్లోగానీ సోషల్ మీడియాలోగానీ రాలేదని హామీపత్రం అడిగే పత్రికలు, కథల పోటీలు చాలా ఉన్నాయి. అచ్చయిన పాత కథలు పెట్టండి, అదీ హక్కులు మీవేనని చూసుకున్నాకే. వాటికన్నా కథ చుట్టూ ఉండే విషయాలు రాస్తే ఇంకా మంచిదని నా అభిప్రాయం. మీ నవల చేనేతల గురించైతే గుంట మగ్గం మీద, ఆసు పోయడం మీద ఒక్కో పోస్టు రాయండి. మీ పేరే తెలియనివాళ్లు ఆ సంగతి వెతుక్కుంటూ వచ్చి నవల దగ్గర ఆగుతారు.

అపోహ: రోజూ రాయాలి.

వాస్తవం: అక్కర్లేదు. నెలకి రెండు మంచి పోస్టులు చాలు.

అపోహ: యాడ్స్ మీద డబ్బులొస్తాయి.

వాస్తవం: గూగుల్ యాడ్‌సెన్స్ 2018లోనే తెలుగుకి వచ్చింది. అయితే కథల బ్లాగుకి వచ్చే జనంతో టీ ఖర్చులు కూడా రావు, పైగా చదివేవాళ్లకి చిరాకు. ఆ చోటులో పుస్తకం ధరెంతో, ఎక్కడ దొరుకుతుందో రాసి, కొనే లింకు ఇవ్వండి. సన్మానాల ఫొటోలు పది ఉండి, ఆ లింకు మాత్రం లేని బ్లాగులు ఎన్ని చూశానో!