నేల గడ్డకడితే పక్షి ఎక్కడికి వెళ్తుంది?

బ్రిటన్‌లో కొన్ని రకాల బాతులను, పెద్దబాతులను, బురదనేలల్లో తిరిగే స్నైప్, వుడ్‌కాక్ లాంటి పక్షులను చలికాలంలో వేటాడటం చట్టబద్ధమే. చాలా పక్షులకు ఈ సీజన్ జనవరి 31తో ముగుస్తుంది. సముద్రపు పోటు తగిలే తీరంలో బాతుల వేట మాత్రం ఫిబ్రవరి 20 దాకా సాగుతుంది. అయితే సీజన్ మధ్యలోనైనా వేటను ఆపించే అధికారాన్ని 1981 నాటి వన్యప్రాణుల చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. ఒక్కో ఉత్తర్వు గరిష్ఠంగా 14 రోజులు అమల్లో ఉంటుంది.

ఆ ఉత్తర్వు ఎప్పుడు ఇవ్వాలో తేల్చడానికి ప్రధానంగా చూసేది థర్మామీటర్‌ను కాదు, నేలను. తీరప్రాంతాల్లోని వాతావరణ కేంద్రాల్లో రోజూ ఉదయం నేల గడ్డకట్టిందా, మంచు కప్పిందా అని నమోదు చేస్తారు. ఆ వివరాలు ప్రకృతి పరిరక్షణపై ప్రభుత్వానికి సలహాలిచ్చే జాయింట్ నేచర్ కన్జర్వేషన్ కమిటీకి చేరతాయి. సగానికి పైగా కేంద్రాల్లో వారం రోజుల పాటు నేల గడ్డకట్టే ఉంటే, వేటగాళ్ల సంఘాలకు కబురు వెళ్తుంది. వేటను స్వచ్ఛందంగా తగ్గించుకోమని అడుగుతారు. రెండు వారాలు దాటినా పరిస్థితి మారకపోతే 15వ రోజు నుంచి చట్టపరమైన నిషేధం వస్తుంది. ఫ్రాన్స్‌లోనూ ఇలాంటి పద్ధతి ఉంది. అక్కడ నేల ఎడతెగకుండా గడ్డకడితే జిల్లా స్థాయి అధికారే వేటను ఆపేయవచ్చు.

చలికి బదులు నేలను ఎందుకు చూస్తారంటే, పక్షిని చంపేది ఎక్కువగా ఆకలే కాబట్టి. స్నైప్ ముక్కు ఆరేడు సెంటీమీటర్ల పొడవుంటుంది. ముక్కు కొసలో స్పర్శ తెలిసే నరాలు కిక్కిరిసి ఉంటాయి. మెత్తటి నేలలోకి ముక్కు దించి, కంటికి కనపడని పురుగును తాకి పసిగట్టి, పైముక్కు కొసను మాత్రమే మట్టిలోపలే తెరిచి దాన్ని పట్టుకుంటుంది. వుడ్‌కాక్‌దీ ఇదే పద్ధతి. పగలంతా అడవిలో దాక్కుని, చీకటి పడ్డాక పొలాల్లోకి వచ్చి వానపాముల కోసం నేలను పొడుస్తుంది. నేల గట్టిపడేది కూడా సరిగ్గా ఆ రాత్రి వేళలోనే. పైన రెండు మూడు సెంటీమీటర్లు గడ్డకట్టినా చాలు, ఇంత చక్కటి ముక్కు ఎందుకూ పనికిరాదు. వానపాములేమో ఇంకా లోతుకు దిగిపోతాయి. ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి ఎక్కువ తిండి కావలసిన రోజుల్లోనే అసలు తిండే దొరకదు. అలాంటప్పుడు తుపాకీ గుండు తగలకపోయినా, ఆ చప్పుడుకు బెదిరి ఎగిరిన ప్రతిసారీ పక్షి తన ఒంట్లో దాచుకున్న కాస్త కొవ్వును ఖర్చు చేస్తుంది. దాన్ని తిరిగి సంపాదించుకునే దారి లేదు.

1962-63 చలికాలం తర్వాత బ్రిటన్‌లో రెన్ అనే చిన్న పిట్టల సంఖ్య దాదాపు ముప్పాతిక వంతు పడిపోయింది. 1991 ఫిబ్రవరిలో తూర్పు ఇంగ్లండ్‌లోని వాష్ అఖాతంలో రెడ్‌షాంక్‌లు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. రెడ్‌షాంక్ కాళ్లు ఎర్రగా ఉండే ఉల్లంకి జాతి పక్షి. ఏటా అదే తీరాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది, చలి ముదిరినా చోటు వదలదు. అదే దాని ప్రాణం మీదికి తెస్తుంది.

ల్యాప్‌వింగ్ స్వభావం వేరు. మన పొలాల్లో రాత్రిళ్లు అరిచే తీతువుకు దగ్గరి చుట్టం ఇది. నేల గట్టిపడుతోందని తెలియగానే గుంపులు గుంపులుగా పడమరకు, దక్షిణానికి తరలిపోతుంది. ఐర్లండ్, ఫ్రాన్స్, స్పెయిన్ దాకా వెళ్తుంది. 1927 డిసెంబర్‌లో ఇలా బయలుదేరిన కొన్ని గుంపులను బలమైన తూర్పుగాలి ఐర్లండ్ దాటించి అట్లాంటిక్ మీదికి నెట్టుకుపోయింది. అవి కెనడా తీరంలోని న్యూఫౌండ్‌లాండ్‌లో దిగాయి. వాటిలో ఒకదాని కాలికి రింగు ఉంది. ఉత్తర ఇంగ్లండ్‌లోని ఉల్స్‌వాటర్ సరస్సు దగ్గర 1926లో వేసిన రింగు అది. నేల గడ్డకడితే పక్షి ఎంత దూరమైనా పోతుందనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు తెలియదు.

కాబట్టి ఏ రోజున ఎక్కడ నేల గడ్డకట్టిందో కచ్చితంగా తెలియడం పక్షులకు ప్రాణావసరం. కానీ వాతావరణ కేంద్రం చెప్పేది తన ఆవరణలోని నేల గురించే. ఒక కేంద్రానికీ మరోదానికీ మధ్య ఎన్నో మైళ్ల బురదనేల, పచ్చిక, చిత్తడి ఉంటాయి. పైగా కేంద్రాలు ఒక్కొక్కటే ఆటోమేటిక్ అయిపోతున్నాయి. యంత్రం ఉష్ణోగ్రతను చక్కగా కొలుస్తుంది గానీ, మనిషి బయటికి నడిచి వచ్చి నేలను చూసి రాసే ఒక్క మాట తగ్గిపోతోంది. శాటిలైట్ల అవసరం వచ్చేది ఇక్కడే.

మామూలు కెమెరా ఉన్న శాటిలైట్ మంచు కప్పిన నేలను తెల్లగా చూపిస్తుంది. మంచు లేకుండా గడ్డకట్టిన నేల మాత్రం దానికి మామూలు నేలలాగే కనిపిస్తుంది. నేల ఉపరితల వేడిని కొలిచే పరికరాలున్నాయి గానీ వాటికి మేఘం అడ్డు, బ్రిటన్ చలికాలం ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. నేల పైభాగం సున్నా డిగ్రీల కన్నా చల్లబడినంత మాత్రాన అందులోని నీరంతా వెంటనే గడ్డకట్టదు. ఒక కిలో నీరు సున్నా దగ్గర మంచుగడ్డగా మారాలంటే సుమారు 334 కిలోజౌళ్ల వేడిని వదిలిపెట్టాలి. బాగా తడిసిన నేల అందుకే చాలాసేపు సున్నా దగ్గరే ఆగిపోతుంది. ఆ గంటల్లో పక్షి ఇంకా తింటూనే ఉండవచ్చు.

మైక్రోవేవ్ తరంగాలకు ఈ ఇబ్బంది తక్కువ. అవి మేఘాల్లోంచి దూసుకుపోతాయి, చీకట్లోనూ పనిచేస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, నీరు ద్రవంగా ఉందా గడ్డకట్టిందా అన్న తేడాకే అవి స్పందిస్తాయి. నీటి అణువుకు ఒక కొసన ధనావేశం, ఇంకో కొసన ఋణావేశం ఉంటాయి. ద్రవంలో అణువులకు తిరిగే స్వేచ్ఛ ఉంది కాబట్టి, మైక్రోవేవ్ తరంగం తగలగానే దానికి తగ్గట్టు అటూ ఇటూ తిరుగుతాయి. గడ్డకట్టాక ఆ స్వేచ్ఛ పోతుంది. వంటింట్లో మైక్రోవేవ్ ఒవెన్‌లో పెట్టిన నీళ్లు చిటికెలో వేడెక్కితే, ఫ్రీజర్‌లోంచి తీసిన ఐసుముక్క కరగడానికి మొరాయించేది ఇందుకే. భౌతికశాస్త్రంలో దీన్ని డైఎలక్ట్రిక్ స్థిరాంకంతో చెబుతారు. నీటికి అది 80 దాకా ఉంటుంది, మంచుగడ్డకు సుమారు 3. ఇంత పెద్ద తేడా ప్రకృతిలో తరచుగా దొరకదు.

నేలలోని నీరు గడ్డకడితే ఆ నేల రాడార్‌కు ఒక్కసారిగా పొడినేలలా కనిపిస్తుంది. శాటిలైట్ పంపిన తరంగం తిరిగి వచ్చేటప్పుడు దాని బలం దాదాపు సగానికి పడిపోవచ్చు. మరి పొడినేలకూ గడ్డకట్టిన నేలకూ తేడా ఎలా తెలుస్తుంది? ఎడారిలోనైతే కష్టమే. బ్రిటన్‌లో చలికాలమంతా నేల తడిగానే ఉంటుంది, జనవరిలో ఒక్క రాత్రిలో ఎండిపోయే అవకాశం లేదు. గాలి ఉష్ణోగ్రతను పక్కన పెట్టుకుని చూస్తే అనుమానం దాదాపుగా తీరిపోతుంది.

ఈ పని చేయగల శాటిలైట్లలో రెండింటి గురించి చెప్పాలి. నాసా 2015 జనవరి 31న ప్రయోగించిన స్మాప్ ఒకటి. నేల తనంతట తాను వెదజల్లే 21 సెంటీమీటర్ల మైక్రోవేవ్ తరంగాలను అది వింటుంది. పైన సుమారు ఐదు సెంటీమీటర్ల మట్టి స్థితిని చెబుతుంది. స్నైప్ ముక్కు దిగే లోతు కూడా ఇంచుమించు అంతే కావడం ఒక మంచి కలయిక. ఉదయం ఆరు, సాయంత్రం ఆరు ప్రాంతంలో అది పైనుంచి దాటుతుంది కాబట్టి నేల బాగా గట్టిపడి ఉండే తెల్లవారుజాము పరిస్థితి తెలుస్తుంది. రెండు మూడు రోజుల్లో భూమినంతటినీ చుట్టేస్తుంది. దాని లోపమల్లా చూపు మందం కావడం. దాని పటంలో ఒక్కో గడి దాదాపు 40 కిలోమీటర్ల వెడల్పు. తీరంలో ఆ గడిలో సగం సముద్రమే ఉంటుంది, సముద్రపు సంకేతం నేల సంకేతాన్ని మింగేస్తుంది.

రెండోది యూరప్ వారి సెంటినెల్-1. సొంత రాడార్‌తో 20 మీటర్ల దాకా వివరంగా చూస్తుంది, ఒక్కో పొలాన్నీ వేరుగా గుర్తించగలదు. కానీ ఒక శాటిలైట్ అదే దారిలోకి తిరిగి రావడానికి 12 రోజులు పడుతుంది. జంటగా ఉన్నప్పుడు ఆరు రోజులు. 2021 డిసెంబర్‌లో ఆ జంటలో ఒకటి పాడైంది, దాని స్థానంలో కొత్తది 2024 డిసెంబర్‌లో గానీ వెళ్లలేదు. పక్కపక్క దారులు ఒకదానిమీద ఒకటి కొంత పడతాయి కాబట్టి బ్రిటన్‌కు మధ్యలో మరికొన్ని చిత్రాలు దొరుకుతాయి. అయినా రోజూ దొరకవు. రెండు వారాల లెక్క మీద నడిచే చట్టానికి ఇది చిన్న ఇబ్బంది కాదు.

ఒకటి తరచుగా చూస్తుంది, మసకగా. ఇంకొకటి స్పష్టంగా చూస్తుంది, అరుదుగా. ఈ రెండింటి మధ్య ఖాళీని కంప్యూటర్‌లో లెక్కగట్టే వాతావరణ నమూనాలు పూడ్చాలి. యూరోపియన్ వాతావరణ కేంద్రం తయారుచేసే ఈఆర్ఏ5-ల్యాండ్ అనే సమాచారంలో పై ఏడు సెంటీమీటర్ల మట్టి ఉష్ణోగ్రత గంట గంటకూ, తొమ్మిది కిలోమీటర్ల గడుల్లో ఉంటుంది. నమూనా ఇచ్చిన లెక్కను రాడార్‌తో సరిచూసుకోవాలి, రాడార్‌ను నేలమీద మనిషి రాసిన మాటతో సరిచూసుకోవాలి. ఆ చివరి మెట్టు లేకపోతే పైవన్నీ ఊహలే. కాబట్టి శాటిలైట్లు వచ్చాయని మిగిలిన పరిశీలన కేంద్రాలను తగ్గించుకోవడం తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మంచు కప్పిన చోట ఇంకో తికమక ఉంది. పైన దట్టంగా మంచు పరుచుకుంటే అది దుప్పటిలా పనిచేసి కింది నేలను గడ్డకట్టనివ్వకపోవచ్చు. పొడిమంచులోంచి రాడార్ దాటిపోయి, నేల మెత్తగానే ఉందని నిజమే చెబుతుంది. పక్షికి ఆ నిజంతో పనిలేదు, దాని ముక్కు అక్కడిదాకా చేరదు. అందుకే మబ్బులేని రోజున తీసిన మామూలు చిత్రంలోని తెల్లదనాన్ని కూడా లెక్కలో కలపాలి.

వీటన్నిటితో తయారైన పటాన్ని ఎలా చదవాలన్నదే నాకు అసలు ప్రశ్నగా అనిపిస్తుంది. గడ్డకట్టిన ప్రాంతాలకు నీలం రంగు వేశారనుకుందాం. ఎవరి చూపైనా ముందు ఆ నీలం మీదికే పోతుంది, వేట ఆపాల్సింది అక్కడేనని తోస్తుంది. కానీ ల్యాప్‌వింగ్ కథ గుర్తుంచుకుంటే, నీలం ఉన్నచోట ఈపాటికి చాలా పక్షులు ఉండవు. రంగు పడని చోటికి వచ్చేసి ఉంటాయి. నైరుతి ఇంగ్లండ్‌లోకి, ఐర్లండ్‌లోకి, ఉప్పునీళ్ల వల్ల ఆలస్యంగా గడ్డకట్టే తీరపు బురదల్లోకి. సముద్రపు నీరు గడ్డకట్టాలంటే సుమారు మైనస్ 1.8 డిగ్రీలకు చేరాలి, పైగా రోజుకు రెండు పోట్లు ఆ బురదను కదుపుతూ ఉంటాయి. దేశమంతా ఆకలితో వచ్చిన పక్షులు అలాంటి కాస్త చోటులో కిక్కిరిసి ఉంటాయి. బాతుల వేటగాళ్లు ఉండేదీ ఆ తీరంలోనే.

ప్రాంతాలవారీగా నిషేధం పెడితే సరిపోతుంది కదా, శాటిలైట్ పటంతో అది ఇప్పుడు సులువే కదా అని అడగవచ్చు. గడ్డకట్టిన జిల్లాల్లో మాత్రమే వేట ఆపితే, శరణు వెతుక్కుంటూ వెళ్లిన పక్షులను వేట సాగుతున్న జిల్లాలకు అప్పగించినట్టవుతుంది. దేశమంతటికీ ఒకే ఉత్తర్వు మొరటుగా అనిపించినా, ఈ విషయంలో దానికి మంచి కారణమే ఉంది. శాటిలైట్ చేయగల గొప్ప మేలు వేరే. ఎక్కడెక్కడ మెత్తటి నేల మిగిలిందో, అది రోజురోజుకూ ఎంత కుంచించుకుపోతోందో చూపించడం. ఏడో రోజు నాటికే అలాంటి చోట్లు కొద్దిగానే మిగిలాయని పటం చెబితే, కనీసం అక్కడ 15వ రోజు దాకా ఆగకూడదని నా అభిప్రాయం.

చిక్కేమిటంటే, సరిగ్గా ఆ తీరపు అంచునే స్మాప్ లాంటి శాటిలైట్ చూపు మసకబారుతుంది. ఈ కొరతను కొంతైనా తీర్చగలది 2025 జూలై 30న మన శ్రీహరికోట నుంచి వెళ్లింది. ఇస్రో, నాసా కలిసి తయారుచేసిన నిసార్. సుమారు 24 సెంటీమీటర్ల తరంగాలతో చూసే ఎల్-బ్యాండ్ రాడార్, దానికి తోడు ఇంకాస్త పొట్టి తరంగాలతో చూసే ఎస్-బ్యాండ్ రాడార్, 12 మీటర్ల వెడల్పున విచ్చుకునే యాంటెన్నా దానికున్నాయి. పొడవైన తరంగాలు గడ్డినీ చిన్న పొదలనూ దాటి మట్టిని తాకుతాయి, వివరం మాత్రం మీటర్లలోనే ఉంటుంది. ఇది కూడా 12 రోజులకోసారే అదే దారికి వస్తుంది. సెంటినెల్ చిత్రాల మధ్య ఖాళీలను ఇది నింపితే తీరపు బురదల మీద నిఘా ఇప్పటికన్నా మెరుగవుతుంది. శ్రీహరికోట పక్కనే ఉన్న పులికాట్ సరస్సుకు సూదితోక బాతులు చలికాలంలో వస్తాయి. అదే జాతి బాతులు ఉత్తర దేశాల నుంచి బ్రిటన్ తీరాలకూ చేరతాయి.

చలి విరిగిన రోజును శాటిలైట్ చాలా బాగా పట్టుకుంటుంది. మంచుగడ్డ కరిగి నీరైన కొన్ని గంటల్లోనే రాడార్ సంకేతం పైకి లేస్తుంది. అది చూసి వెంటనే వేటకు తలుపులు తెరవాలనే ఒత్తిడి రావడం సహజం. కానీ నేల మెత్తబడటానికి ఒక్క పగలు చాలు, రెండు వారాలు పస్తులున్న పక్షి మళ్లీ బరువు పుంజుకోవడానికి చాలా రోజులు కావాలి. అందుకే పటంలో నీలం చెరిగిపోయిన తేదీని నిషేధం ఎత్తివేసే తేదీగా కాకుండా, పక్షులు కోలుకోవడం మొదలైన తేదీగా లెక్కపెట్టాలి.