కాళ్లు పడిపోకముందు కణంలో జరిగేది

వరి కోతకు ఇంకా కొన్ని రోజులుందనగా, మడిలో తడి ఆరకముందే, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రైతులు చేలో మినుములు, పెసలు చల్లేస్తారు. కోత అయ్యేసరికి అపరాలు మొలకెత్తి ఉంటాయి. మళ్లీ దున్నక్కర్లేదు, నీరు పెట్టక్కర్లేదు. ఛత్తీస్‌గఢ్‌లో ఇలాంటి వరి మళ్లలోనే, ఇదే పద్ధతిలో, చాలాచోట్ల కేసరి పప్పు చల్లుతారు. వానలు మొహం చాటేసిన ఏడాది మిగతా పంటలన్నీ ఎండిపోయినా కేసరి తట్టుకుంటుంది. ఆ గుణమే పేదవాడి పాలిట ముప్పయింది. కరువులో వేరే తిండి దొరక్క నెలల తరబడి అదే తిన్నవాళ్లలో కొందరికి కాళ్లు కొయ్యబారిపోతాయి. మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటూ, మునివేళ్ల మీద, కర్ర ఊతంతో నడవాల్సి వస్తుంది. ఈ జబ్బు పేరు లాథిరిజం. వచ్చిందంటే ఇక పోదు. 1961లో ఆ పప్పు అమ్మకంపై నిషేధం వచ్చింది.

కేసరి గింజలోని విషాన్ని 1964లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు విడదీసి చూపించారు. దాని పొడుగు పేరును కుదించి ఓడాప్ అంటారు. మెదడులో ఒక నాడీకణం పక్క కణాన్ని కదిలించడానికి గ్లుటమేట్ అనే పదార్థాన్ని వదులుతుంది. అవసరమైనంత వదిలి, పని కాగానే వెనక్కి లాగేసుకుంటుంది. ఓడాప్ అచ్చం గ్లుటమేట్‌లాగే కణానికి అతుక్కుని దాన్ని అదేపనిగా రెచ్చగొడుతుంది. ఆ ఒత్తిడికి కణం చచ్చిపోతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. మరి ఒళ్లంతా నాడీకణాలున్నప్పుడు జబ్బు కాళ్లకే ఎందుకు వస్తుంది? రెచ్చిపోయిన కణానికీ చచ్చిపోయిన కణానికీ మధ్య ఏం జరుగుతుంది?

ఈ ప్రశ్నల వెంట పడినవారిలో డాక్టర్ విజయలక్ష్మి రవీంద్రనాథ్ ఒకరు. మన రెండు జిల్లాల పిల్లలు తరతరాలుగా పట్టాలు అందుకున్న ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే ఆమె బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివారు. మైసూరు విశ్వవిద్యాలయంలో 1981లో పీహెచ్‌డీ పూర్తిచేసి, తర్వాత బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో చేరారు. హర్యానాలోని మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రాన్ని నిలబెట్టిందీ ఆవిడే.

1998లో ఆమె బృందం ప్రచురించిన పని నాకు చాలా ఇష్టం. ఎలుకలకు కేసరి విషం ఇచ్చి, కణాలు చచ్చాక చూడకుండా, చావకముందే చూశారు. దాదాపు ప్రతి కణంలోనూ శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఉంటాయి. ఆ తయారీ వరుసలో మొదటి మెట్టు పేరు కాంప్లెక్స్-1. విషం ఎక్కిన ఎలుకల్లో ముందు దెబ్బతిన్నది ఆ మెట్టే. అదీ మెదడంతటా కాదు. కదలికలను నడిపే మెదడు పొరలోనూ, నడుం కింద కాళ్లకు నరాలు పంపే వెన్నుపాము భాగంలోనూ మాత్రమే. రోగి నడకలో కనిపించే జబ్బు కొలతల్లో కూడా అక్కడే కనిపించింది.

దెబ్బ ఎలా తగిలిందన్నది మరీ ముఖ్యం. కాంప్లెక్స్-1లో గంధకం ఉన్న చిన్న చిన్న భాగాలు ఉంటాయి. అవి ఆక్సిజన్ దాడికి గురైతే ఆ మెట్టు పనిచేయడం మానేస్తుంది. అయితే అది విరిగిపోవడం కాదు. ఇత్తడి చెంబుకు కిలుము పడితే చింతపండుతో తోమితే వదిలినట్టు, ఆ మార్పు వెనక్కి తిప్పగలిగినదే. ఆ పని చేయడానికి కణంలో గ్లుటాథయోన్ అనే పదార్థం, దాన్ని వాడుకునే గ్లుటారెడాక్సిన్ అనే ఎంజైము ఉన్నాయి. గంధక భాగాలను కాపాడే లైపోయిక్ యాసిడ్ లాంటివి ముందే ఇచ్చిన ఎలుకల్లో కాంప్లెక్స్-1 నిలబడింది, కణాలు బతికాయి. అంటే కణానికి దెబ్బ తగలడానికీ అది చావడానికీ మధ్య కొంత వ్యవధి ఉంది. ఆ వ్యవధిలో కణం ఇబ్బంది పడుతూ ఉంటుంది గానీ, ఇంకా మన చేయి దాటిపోదు. నా దృష్టిలో ఈ పరిశోధన అంతటికీ ఇదే ఆయువుపట్టు.

లాథిరిజం ఆడవాళ్లలో కన్నా మగవాళ్లలో ఎక్కువ. మగవాళ్లు ఎక్కువ తింటారు, ఎండలో కష్టపడతారు కాబట్టి అని సరిపెట్టేయొచ్చు. ఈ బృందం అలా సరిపెట్టుకోలేదు. ఆడ ఎలుకల మెదడులో గ్లుటారెడాక్సిన్ మొదటి నుంచీ ఎక్కువగా ఉంటుందనీ, దానికి ఆడవాళ్లలో ఎక్కువగా ఉండే ఈస్ట్రోజన్ హార్మోను దన్ను ఉందనీ చూపించింది. చేతులు వణికి ఒళ్లు బిగుసుకుపోయే పార్కిన్సన్స్ జబ్బు కూడా మగవాళ్లలోనే ఎక్కువ. 1982లో కాలిఫోర్నియాలో కల్తీ మత్తుమందు ఎక్కించుకున్న కొందరు కుర్రాళ్లు రోజుల వ్యవధిలో ముసలి పార్కిన్సన్స్ రోగుల్లా బిగుసుకుపోయారు. ఆ కల్తీ పదార్థం దెబ్బతీసింది సరిగ్గా ఈ కాంప్లెక్స్-1నే. ఎక్కడి కేసరి చేను, ఎక్కడి కాలిఫోర్నియా! సాధారణ పార్కిన్సన్స్‌లోనైతే చేతికి వణుకు మొదలయ్యేసరికే కదలికలకు కావాల్సిన డోపమిన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణాల్లో దాదాపు సగం పోయి ఉంటాయి.

అశ్వగంధ మీద కూడా ఆమె బృందం పనిచేసింది. మన వైపు పెన్నేరు గడ్డ అంటారు. 2012లో అచ్చయిన ఆ పరిశోధనలో, మతిమరుపు తెచ్చే అల్జీమర్స్ జబ్బు లక్షణాలు వచ్చేలా పెంచిన ఎలుకలకు 30 రోజులు ఆ వేరు సారం నోటి ద్వారా ఇచ్చారు. ఆ జబ్బులో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే పదార్థం తగ్గింది, దారి గుర్తుపట్టడం మెరుగైంది. సారం పనిచేసింది మెదడు మీద కాదు, కాలేయం మీద. అక్కడ తయారైన ఒక ప్రొటీన్ రక్తంలోకి వచ్చి అమిలాయిడ్‌ను మెదడు నుంచి బయటికి లాగింది. ఈ సంగతి చెప్పగానే సంతలో పొడి కొని పెద్దవాళ్లకు పట్టించేవాళ్లు ఉంటారు. దయచేసి వద్దు. అది ఎలుకల మీద, కొలిచి తీసిన సారంతో చేసిన పని. మనుషుల్లో అల్జీమర్స్ తగ్గుతుందని దానితో తేలలేదు.

మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి, డిమెన్షియా, అంటే ముదిరే మతిమరుపు జబ్బు, ఉందని 2023లో వచ్చిన అంచనా. పట్నాల కన్నా పల్లెల్లో ఎక్కువ, మగవాళ్ల కన్నా ఆడవాళ్లలో ఎక్కువ. శ్రీకాకుళం పల్లెల్లో పరిస్థితి తెలిసిందే. పిల్లలు విశాఖకో, హైదరాబాదుకో, చెన్నైకో పనులకు పోతే ఇంట్లో మిగిలేది ముసలివాళ్లు. మా మేనత్త పులుసులో ఉప్పు రెండోసారి వేస్తుంటే కోడలు "అత్తా, ఇందాకే ఏసినారు కదా" అంటుంది. పక్కింటావిడ "వయసైపోతే ఇంతే గదేటి" అని ఊరుకోబెడుతుంది. ఆ ఊరుకోవడంలోనే, కణాలు ఇంకా చేయి దాటని ఆ వ్యవధి కాస్తా కరిగిపోతుంది. నిజానికి మతిమరుపు కేసుల్లో కొన్ని బి12 లోపం, థైరాయిడ్ లాంటి సరిదిద్దగలిగే కారణాల వల్ల కూడా వస్తాయి. వాటిని కనిపెట్టడానికి రక్తపరీక్ష చాలు.

రవీంద్రనాథ్ తర్వాత ఆ వ్యవధినే మనుషుల్లో వెతికే పనిని ముందుకు తెచ్చారు. తెలుగు మాట్లాడేవాళ్లు ఎక్కువగా ఉండే కోలారు జిల్లా శ్రీనివాసపుర పల్లెల్లో 45 దాటినవాళ్లను 10,000 మందిదాకా చేర్చుకుని, ఏళ్ల తరబడి వాళ్ల జ్ఞాపకశక్తి, రక్తం, మెదడు స్కాన్‌లు చూస్తూ వెళ్లడం ఆ అధ్యయనం లక్ష్యం. ఇలాంటిచోట పరీక్ష తయారుచేయడమే పెద్ద పని. పలక పట్టని మనిషిని వాక్యం రాయమంటే రాయలేదు, తేదీ అడిగితే చెప్పలేదు. అదే సంత ఏ రోజో, మొన్నటి ఏకాదశి ఎప్పుడైందో అడిగితే ఠక్కున చెబుతుంది. ఆ తేడా పట్టుకోని పరీక్ష ఆరోగ్యవంతుల్ని రోగులుగా లెక్కగడుతుంది.

ఇలాంటి అధ్యయనం మన శ్రీకాకుళం జిల్లాకూ కావాలి. జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందని ఏళ్లుగా రక్తం, నీరు, మట్టి పరీక్షిస్తూనే ఉన్నారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో జ్ఞాపకశక్తి తగ్గే ముప్పు ఎక్కువని వైద్యులకు తెలుసు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూడటానికి ఎలాగూ రక్తం తీస్తున్నారు. అదే రోజు అదే బల్ల దగ్గర పది నిమిషాలు కూర్చోబెట్టి, మన యాసలో, మన సంతల పేర్లతో, జ్ఞాపకశక్తి పరీక్ష కూడా చేయాలి. ఏడాదికోసారి మళ్లీ చేసి, పాత కాగితం పక్కన పెట్టి చూడాలి.