శాతాల్లో పడిన కోత

2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ అంతటా లక్ష మందికి పైగా దివ్యాంగులకు నోటీసులు అందాయి. మళ్ళీ పరీక్షిస్తే మీ వైకల్యం 40 శాతం కన్నా తక్కువని తేలింది, లేదంటే తాత్కాలికమని తేలింది, కాబట్టి మీరు పింఛన్‌కు అర్హులు కారు. అదీ వాటి సారాంశం. విజయవాడ, గుంటూరు జనం ఆ కాగితం పట్టుకుని వార్డు సచివాలయానికి, ఆసుపత్రికి, కార్పొరేషన్ ఆఫీసుకి తిరగాల్సి వచ్చింది. ప్రభుత్వం బోగస్‌ల ఏరివేత అంది, ప్రతిపక్షం పింఛన్ల కోత అంది. రెండింటిలోనూ కొంత నిజముంది. అయితే ఈ గొడవకు మూలం ఆ ఆగస్టులో లేదు.

మన దగ్గర పింఛన్ మొత్తాన్ని తగ్గించే ధైర్యం ఏ పార్టీ చేయదు. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ అంకె పెరగాల్సిందే. రాష్ట్రం విడిపోయేనాటికి వృద్ధులకు నెలకు 200, వికలాంగులకు 500 రూపాయలు. 2014 అక్టోబరు నుంచి వృద్ధులకు 1,000 అయింది. వికలాంగుల్లో 80 శాతం దాటినవాళ్ళకు 1,500, మిగతావాళ్ళకు వృద్ధులతో సమానంగా 1,000. 2019 ఎన్నికల ముందు అవి రెట్టింపై 2,000, 3,000 అయ్యాయి. ఆ ఏడాదే ప్రభుత్వం మారాక వృద్ధులకు 2,250, దివ్యాంగులందరికీ 3,000 చేశారు. 80 శాతం గీత చెరిగిపోయింది. ఎవరు చేసినా మంచి పనే అది.

అసలు సంగతి ఆ తర్వాతి అయిదేళ్ళలో ఉంది. వృద్ధాప్య పింఛన్ 2022లో 2,500, 2023లో 2,750, 2024 జనవరిలో 3,000 అయింది. దివ్యాంగులది 2019లో ఎంతో 2024 జూన్‌లోనూ అంతే, 3,000. బియ్యం, గ్యాస్, మందులు, ఆటో కిరాయి ఏవీ అయిదేళ్ళు ఆగలేదు కదా. పైగా 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్ ప్రకారం, ఇతరులకిచ్చే ఇలాంటి సాయం కన్నా దివ్యాంగులకిచ్చేది కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలి. ఆ చట్టం 2017 ఏప్రిల్‌లోనే అమల్లోకి వచ్చింది. 2024 జనవరి నాటికి ఆ తేడా సున్నా. ఇదీ కోతే. నోటీసు ఇవ్వలేదు కాబట్టి టీవీల్లో చర్చలు జరగలేదు, అంతే.

2024 జులై 1న మంగళగిరి నియోజకవర్గం పెనుమాకలో ముఖ్యమంత్రి చంద్రబాబు స్వయంగా ఇంటికెళ్ళి పింఛన్ ఇచ్చారు. ఆ రోజుతో వృద్ధులకు 4,000, దివ్యాంగులకు 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్ళకు 5,000 నుంచి ఏకంగా 15,000 అయింది. కేంద్రం వాటా మాత్రం ఎక్కడి గొంగళి అక్కడే. 2009లో మొదలైన ఇందిరాగాంధీ వికలాంగుల పింఛన్ కింద, అదీ 80 శాతం వైకల్యమున్న పేదలకు మాత్రమే, నెలకు 300 రూపాయలు. 2012 నుంచి ఆ అంకె కదల్లేదు. మిగిలిన భారమంతా రాష్ట్ర ఖజానాదే.

మొత్తం పెరిగేకొద్దీ సర్టిఫికెట్ మీద చూపు పడింది. 500 ఇచ్చే రోజుల్లో 38 శాతమా 42 శాతమా అని ఎవరూ తగువు పడలేదు. 6,000 అయ్యేసరికి ఆ రెండంకెల మధ్యే నెల గడవడమో గడవకపోవడమో ఉంది. ఒకప్పుడు డాక్టరు రాసిచ్చిన కాగితమే సర్టిఫికెట్. ఉమ్మడి రాష్ట్రంలో 2010 ప్రాంతంలో సదరం వచ్చాక వైద్యుల బోర్డు చూసి, శాతం కంప్యూటర్లో ఎక్కించి ఇవ్వడం మొదలైంది. ఆర్టీసీ రాయితీ పాసు నుంచి ఉద్యోగ రిజర్వేషన్ దాకా అన్నిటికీ అదే ఆధారం. సదరం క్యాంపుల చుట్టూ దళారులు తిరిగేవారన్నది, డబ్బిచ్చి శాతం వేయించుకున్నవాళ్ళు ఉన్నారన్నది ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు. కాబట్టి తనిఖీ చేయడమే తప్పనడం కుదరదు.

అయితే శాతం వేసే పద్ధతిని కాస్త దగ్గరగా చూడాలి. కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఒక కన్ను పూర్తిగా పోయి, రెండోది బాగుంటే 30 శాతమే. పింఛన్ రాదు. అదే మనిషికి చేతి వైకల్యం ఇంకో 20 శాతం ఉందనుకుందాం. రెండూ కూడితే 50 అనుకుంటాం, కాదు. పెద్ద అంకెను 90లోంచి తీసేసి, మిగిలినదాన్ని చిన్న అంకెతో హెచ్చవేసి, 90తో భాగించి, వచ్చినదాన్ని పెద్ద అంకెకు కలపాలి. 43 వస్తుంది, గీత దాటినట్టే. కానీ కంటి డాక్టరు మాత్రమే చూసి పంపేస్తే 30 దగ్గర ఆగిపోతుంది. మనిషి మారలేదు, వైకల్యం మారలేదు, ఏ గది ముందు కూర్చోబెట్టారన్నదే మారింది. ఈ లెక్క తెలిసి అడిగేవాళ్ళు ఎంతమంది ఉంటారు?

ఈ 6,000 ఎక్కడికి పోతుందో కూడా చూడాలి. మన రాష్ట్రంలో అద్దెకు విడిగా సాయం లేదు. పింఛనే అద్దె. విజయవాడలో తక్కువ అద్దెకు దొరికే ఇళ్ళు చాలావరకు కొండల మీద ఉంటాయి. మొగల్రాజపురం, చిట్టినగర్, విద్యాధరపురం వైపు ఎక్కడ చూసినా మెట్లే. కాళ్ళు సరిగా లేనివాళ్ళకు కింద పోర్షన్ కావాలి, దానికి అద్దె ఎక్కువ. సొంతిల్లు ఇస్తామన్న పథకాల్లోనూ మెట్ల బాధ తప్పలేదు. జక్కంపూడిలో గానీ, గుంటూరు పక్కన అడవితక్కెళ్ళపాడులో గానీ టిడ్కో ఇళ్ళు, అంటే ప్రభుత్వం పట్టణ పేదలకు కట్టించిన అపార్ట్‌మెంట్లు, కింద ఒకటి, పైన మూడు అంతస్తులు. పట్టణ ఆవాస్ యోజన మార్గదర్శకాల్లో దివ్యాంగులున్న కుటుంబాలకు కింది అంతస్తు ఇవ్వడంలో ప్రాధాన్యం ఉండాలని రాసి ఉంది. ఇళ్ళ కేటాయింపులో 5 శాతం వాళ్ళకేనని హక్కుల చట్టం 37వ సెక్షన్ చెబుతోంది.

2023లో అమరావతిలో పేదల ఇళ్ళకని పెట్టిన ఆర్-5 జోన్‌లో ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల పేదలు 50,793 మందికి సెంటు పట్టాలిచ్చారు. జులై 24న కృష్ణాయపాలెంలో ఇళ్ళకు శంకుస్థాపన, ఆగస్టు 3న హైకోర్టు స్టే. పట్టా కాగితం చేతికొచ్చినా అద్దె తప్పలేదు. ఇక కింద పోర్షన్ దొరికినవాళ్ళ అదృష్టం 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు వరద తేల్చేసింది. సింగ్‌నగర్ ప్రాంతంలో నీళ్ళు ముందు నిండింది కింది ఇళ్ళలోనే. ప్రభుత్వం వాటికి 25,000, పై అంతస్తులవాళ్ళకు 10,000 ఇచ్చింది. పైకి ఎక్కి ప్రాణం కాపాడుకోలేని మనిషికి కింది ఇల్లు తప్ప గతి లేకపోవడం ఈ ఊరి విచిత్రం.

ఆ వరద జరిగిన నాలుగు నెలలకు, 2025 జనవరిలో తనిఖీలు మొదలయ్యాయి. ముందు 15,000 తీసుకునేవాళ్ళ ఇళ్ళకు వైద్య బృందాలు వెళ్ళాయి. తర్వాత 6,000 వాళ్ళను తేదీ ఇచ్చి ఆసుపత్రులకు రమ్మన్నారు. నడవలేని మనిషికి తోడు ఒకరు, ఆటో కిరాయి, తోడొచ్చినవాళ్ళ ఒక రోజు కూలి. ఆ ఖర్చు ఏ లెక్కలోనూ లేదు. ఆగస్టులో నోటీసులొచ్చాక గొడవ ముదిరింది. దాంతో సెప్టెంబరు పింఛన్ అందరికీ ఇస్తామని, అభ్యంతరమున్నవాళ్ళు పల్లెల్లో ఎంపీడీవోకి, పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్‌కి అప్పీలు పెట్టుకోవచ్చని ప్రభుత్వం చెప్పింది.

అప్పీలు పెట్టుకున్నవాళ్ళు దాటాల్సింది మళ్ళీ ఆ 40 గీతనే. రెండు రకాల వైకల్యం ఉన్నవాళ్ళు రెండింటినీ చూడమని గట్టిగా అడగాలి, పాత ఆపరేషన్ కాగితాలు, వినికిడి పరీక్ష రిపోర్టులు వెంట తీసుకెళ్ళాలి. 38 దగ్గర ఆగిపోయిన మనిషికి 60 ఏళ్ళు నిండి ఉంటే 4,000 వృద్ధాప్య పింఛన్‌కు మారే దారి ఉంది. భర్త పోయిన ఆడమనిషైతే వితంతు పింఛన్ ఉంది. 45 ఏళ్ళ మగమనిషికి, కుడిచెయ్యి సరిగా ఆడక హోటల్లో పని మానుకున్నవాడికి, 6,000 తర్వాత ఉన్న మెట్టు సున్నాయే.