చెరువు నీళ్ల లెక్క: అపోహలు – వాస్తవాలు

అపోహ: మట్టం సగానికి దిగిందంటే చెరువులో సగం నీళ్లున్నట్టే.

వాస్తవం: చెరువు డ్రమ్ము కాదు. పైన వెడల్పు, కిందికి పోయేకొద్దీ ఇరుకు. గరాటా ఆకారపు గుంటలో నీళ్లు 6 మీటర్ల నుంచి 3 మీటర్లకు దిగితే మిగిలేది ఎనిమిదో వంతే. అడుగు చదునుగా ఉంటే ఇంకాస్త మిగులుతుంది గానీ, ఒడ్లు నిట్టనిలువుగా ఉంటే తప్ప సగం ఉండదు. అందుకే ఏ చెరువు మట్టం–నిల్వ పట్టిక దానిదే. పూడిక చేరితే ఆ పట్టికా పనికిరాదు. అన్నట్టు, తూము (కాలవకు నీళ్లు వదిలే ద్వారం) అడుగుకు కింద ఎంత పూడిక తీసినా కాలవకు నీళ్లు పెరగవు. పశువులకు, ఇంకడానికి మాత్రం ఉపయోగం.

అపోహ: అలుగు (చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే చోటు) మీద ఇసుక బస్తాలు పేరిస్తే ఒక అడుగు ఎత్తున నీళ్లు అదనంగా ఆగుతాయి, పోయేదేముంది?

వాస్తవం: పోయేది కట్ట. అలుగు మీద నీటి మందం రెట్టింపైతే పారే నీరు దాదాపు 2.8 రెట్లవుతుంది. 10 మీటర్ల అలుగు మీద 10 సెంటీమీటర్ల మందాన పారితే సెకనుకు సుమారు 540 లీటర్లు. 20 అయితే 1,500 లీటర్లు. వరదొచ్చినప్పుడు చెరువును కాచేది ఈ లెక్కే. 30 సెంటీమీటర్లు బస్తాలు పేరిస్తే, అంతే వరదను వదలడానికి మట్టం మరో 30 సెంటీమీటర్లు పెరగాలి. ఆ మేరకు నీటి మట్టానికీ కట్ట పైఅంచుకూ మధ్య వదిలిన జాగా తరిగిపోతుంది. మట్టికట్ట మీదుగా నీళ్లు ఒక్కచోట పొర్లినా చాలు, బయటి వాలు కోసుకుంటూ లోపలికొచ్చి గండి పడుతుంది.

అపోహ: కట్ట కింద ఊట కనబడగానే మూసెయ్యాలి.

వాస్తవం: తేటగా, ఒకే తీరున వచ్చే ఊట మట్టికట్టకు మామూలే. బురదగా వస్తే కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం. అప్పుడు కూడా మూతి బిగించకూడదు. ఒత్తిడి పక్కన ఇంకోచోట తన్నుకొస్తుంది. ఊట చుట్టూ బస్తాలు గుండ్రంగా పేర్చి లోపల నీళ్లు నిలవనివ్వాలి. పొర్లే నీరు తేటపడేదాకా ఎత్తు పెంచుతూ పోవాలి. ఈలోగా తూము తెరిచి చెరువు మట్టం దించాలి.

అపోహ: వెయ్యి క్యూసెక్కులు వస్తున్నాయంటే ఒక్కరోజులో టీఎంసీ చేరుతుంది.

వాస్తవం: క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. కాబట్టి పదకొండున్నర రోజులు పడుతుంది.

అపోహ: వాగులో తేలే కొమ్మ వేగమే నీటి వేగం.

వాస్తవం: అడుగున, ఒడ్డున రాపిడి వల్ల నీరు నెమ్మదిస్తుంది. పైవేగాన్ని 0.85తో గుణించండి. కొమ్మ 20 మీటర్లు 25 సెకన్లలో పోతే వేగం పైన సెకనుకు 0.8, సగటున 0.68 మీటర్లు. నీటి అడ్డుకోత (వాగులో నీటి వెడల్పును సగటు లోతుతో గుణిస్తే వచ్చేది) 12 చదరపు మీటర్లయితే సెకనుకు సుమారు 8 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 288 క్యూసెక్కులు. ఎండుటాకు వెయ్యకండి, గాలికి కొట్టుకుపోతుంది. సగానికి పైగా నీళ్లు నింపి మూత బిగించిన సీసా మేలు.