చీర బిల్లులో దొరికే వాటా

"ఇల్లు పేదది కాదు. కానీ అందరికీ వడ్డించాక గిన్నె అడుగున మిగిలిందే అమ్మ తినేది. ఆమెను పేదల్లో లెక్కిస్తారా?" అని ఒక పాఠకురాలు అడిగారు. లెక్కించరు. ఇంటి నెల ఖర్చును తలలతో భాగిస్తారు. ఆ అంకె దారిద్ర్యరేఖ దాటితే ఇంట్లో అందరూ దాటినట్టే. పాఠాల్లోనూ తలసరి దగ్గరే ఆపేస్తాం. ఇంటి గడప లోపల ఏం జరుగుతుందో పిల్లలకు చెప్పం.

సర్వే సిబ్బంది బియ్యం ఖర్చును ఇంటి మొత్తానికి రాసుకుంటారు, ఎవరి కంచంలో ఎంత పడిందో తూచలేరు. గర్భిణి కడుపునిండా తింటే బిడ్డ బరువెక్కి కాన్పు కష్టమవుతుందనే మూఢనమ్మకం ఇంకా బతికే ఉంది. దాని వల్ల తగ్గిన ముద్దలు ఏ పట్టికలోనూ కనిపించవు. బట్టలు అలా కాదు. పండగ బిల్లులో ప్యాంటు గుడ్డ, నేత చీర, రెండు గౌన్లు ఉంటే, ఏది ఎవరిదో అడగనక్కర్లేదు.

ఈ చిన్న ఆధారంతో ఆర్థికవేత్తలు జెఫ్రీ డన్‌బార్, ఆర్థర్ లూబెల్, కృష్ణ పెండకూర్ 2013లో చూపిన పద్ధతి నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది. చీర ఖరీదైనది కాబట్టి ఆమె వాటా పెద్దదని వారు అనలేదు. ధరను కాదు, మార్పును చూశారు.

ఊహకు ఒక లెక్క వేద్దాం. ఇంటి ఖర్చులో భర్త వాటా 50 శాతం, భార్యది 30, పాపది 20. ఈ వాటాలు మనకు తెలియవు. నెలకు 20,000 ఖర్చు చేసే ఇళ్లను, 40,000 ఖర్చు చేసే ఇళ్లను పక్కపక్కన పెడదాం. వాటాలు మారకపోతే ప్రతి మనిషి చేతి డబ్బూ రెట్టింపవుతుంది. అప్పుడు ఎవరి డబ్బులో వారి బట్టల శాతం ఒకేలా, 2 పాయింట్లు (అంటే 5 శాతం నుంచి 7 శాతానికి) పెరుగుతుందనుకుందాం. ఇంటి మొత్తం ఖర్చులో చూస్తే భర్త బట్టలు 1 పాయింటు, భార్యవి 0.6, పాపవి 0.4 పెరుగుతాయి. బిల్లుల్లో కనిపించేవి ఈ మూడే. కూడితే 2. ఒక్కోదాన్ని 2తో భాగిస్తే 50, 30, 20 బయటపడతాయి! భార్యకు చీరలంటే ఇష్టమై ఆమె డబ్బులో బట్టల శాతం 5 నుంచి 7కు బదులు 8 నుంచి 10కి పెరిగినా, పెరుగుదల 2 పాయింట్లే కాబట్టి జవాబు మారదు. డబ్బు పెరిగినా బట్టల శాతం అసలు కదలని చోట మాత్రం మూడూ సున్నాలై పద్ధతి చేతులెత్తేస్తుంది. ఒక్క ఫ్యాను గాలి నలుగురికీ అందడం లాంటి ఉమ్మడి వాడకానికి వేరే సవరణ ఉంది, దాన్ని వదిలేస్తున్నాను.

వారు దీన్ని ఆఫ్రికాలోని మలావీ ఇళ్లకు వర్తింపజేశారు. మామూలు లెక్కలు పిల్లల పేదరికాన్ని తక్కువ చేసి చూపుతున్నాయని తేలింది. పిల్లల వాటాకు తండ్రుల కంటే తల్లులే ఎక్కువ వదులుకుంటున్నట్టూ కనిపించింది.

మన దేశపు ఇళ్లను ఆర్థికవేత్త రోసెల్లా కాల్వీ 2020లో ఇదే దారిలో పరిశీలించారు. పిల్లల్ని కనే వయసు దాటాక ఆడవాళ్ల వాటా మగవాళ్ల వాటాతో పోలిస్తే తగ్గుతోంది. పాఠకురాలు అడిగిన అమ్మ అక్కడ కనిపించింది. హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ ఆస్తి హక్కు ఇచ్చిన ఆడవాళ్ల వాటా మెరుగ్గా ఉందని కూడా కాల్వీ చూపారు.

ఆంధ్రప్రదేశ్‌లో ఆ సవరణ 1986లో వచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తింపజేశారు, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకే. కాల్వీ వాడిన ఖర్చుల సర్వే 2011-12 నాటిది. అప్పటికి 45 ఏళ్లున్న మహిళకు 1985లో సుమారు 19. మన పల్లెల్లో ఆ వయసుకు చాలామందికి పెళ్లిళ్లు అయిపోయాయి, అంటే ఆ సవరణ వారికి అందలేదు. 2005 కేంద్ర సవరణ పెళ్లయిన కూతుళ్లకూ హక్కు ఇచ్చింది గానీ, 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను తిరగదోడలేదు.