పెరటి పుంజు మాంసం: అపోహలు - వాస్తవాలు

నాటు పుంజులు పెంచి, కోసి, శుభ్రం చేసి ఇవ్వడం మా పని. పండగల ముందు కొనడానికి వచ్చేవాళ్ల నోట ఎక్కువగా వినిపించే మాటలివి.

అపోహ: పుంజు ఎంత ముదిరితే అంత రుచి.

వాస్తవం: వయసుతో రుచి చిక్కబడే మాట నిజమే. కానీ కండలో పీచు కూడా గట్టిపడుతుంది. కూరకి ఐదారు నెలల పుంజు చాలు. ఏడాది దాటినదాన్ని వేపుడు చేయొద్దు, పులుసు పెట్టి సన్న సెగ మీద ఉడికించాల్సిందే. వయసు విషయంలో అమ్మేవాడి మాట నమ్మకండి, నా మాటైనా సరే. కాలి వెనక ముల్లు చిన్న బుడిపెలా ఉందా, రొమ్ము ఎముక కొస నొక్కితే వంగుతోందా చూసుకోండి.

అపోహ: కోసిన వెంటనే వండితేనే మెత్తగా ఉడుకుతుంది.

వాస్తవం: దీని మీద మా ఇంట్లో పెద్దవాళ్లతో ఇప్పటికీ వాదనే. కోసిన కాసేపటికే కండలు బిగుసుకుంటాయి, ఆ బిగువు సడలడానికి గంటలు పడుతుంది. ఈలోపు ముక్కలు కొట్టి వండితే నమలలేక దవడలు నొప్పెడతాయి. శుభ్రం చేసిన కోడిని ముక్కలు కొట్టకుండా ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచండి. కాళ్లు సులువుగా కదులుతుంటే అప్పుడు ముక్కలు కొట్టండి. ముదురు పుంజుకి మాత్రం ఇది చాలదు, సన్న సెగ తప్పదు.

అపోహ: కోసే ముందు బాగా మేపాలి.

వాస్తవం: ముందురోజు రాత్రి నుంచే మేత ఆపాలి, నీళ్లు మాత్రం పెట్టాలి. నిండిన పేగు తెగిందంటే మాంసమంతా పాడు. తూకం కోసం పొద్దున్నే నూకలు మేపి అమ్మేవాళ్లూ ఉన్నారు. కొనేటప్పుడు మెడ కింద మేత సంచి తడిమి చూడండి.

అపోహ: నీళ్లు సలసలా మరుగుతుంటేనే ఈకలు ఊడతాయి.

వాస్తవం: ఈకలతో పాటు తోలూ ఊడుతుంది. 60-65 డిగ్రీల వేడి, ఓ నిమిషం చాలు. రెక్క ఈక లాగితే వచ్చేయాలి. మిగిలిన నూగు మంట మీద కాల్చుకోవచ్చు.

అపోహ: నాటుకోళ్లకు రోగాలు రావు.

వాస్తవం: కొక్కెర తెగులు (రాణిఖేత్ రోగం) వస్తే గూడు ఖాళీ. అది రాకుండా పిల్లలకు మొదటి వారంలో లసోటా అనే టీకా చుక్కలు, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ అనే టీకా వేయించాలి. తెగులు కనిపించగానే కోళ్లను సంతకు పట్టుకెళ్లి అమ్మేస్తారు చూడండి, పక్క ఊళ్లకు రోగం పాకేది అలాగే.

అపోహ: బ్రాయిలర్‌కి హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తారు.

వాస్తవం: నాటుకోడి అమ్మేవాడిగా ఈ మాట నా వ్యాపారానికి మంచిదే, అయినా అబద్ధం. అది ఆరు వారాల్లో రెండు కిలోలు తూగేది జాతి ఎంపిక, దాణా వల్ల.

అపోహ: రెండు కిలోల పుంజుకి మాంసం తక్కువొచ్చిందంటే మోసమే.

వాస్తవం: రక్తం, ఈకలు, పేగులు, తల, పాదాలు పోతే కిలో, దానిపైన మూడు నాలుగు వందల గ్రాములు మిగులుతుంది. కందనకాయ, కార్జం కూడా అడిగి తీసుకోండి.