‘పుట్’ ఒక్కటే, జర్మన్‌లో మాత్రం ఐదు

ఇంగ్లిషులో ‘పుట్’ మూడక్షరాల మాట. భూతకాలంలోనూ మారదు. సీసా బల్ల మీద పెట్టినా, చెంచా పక్కన పెట్టినా, పాపను కుర్చీలో కూర్చోబెట్టినా, తాళంచెవి తాళంకప్పలో దూర్చినా, కోటు కొక్కేనికి తగిలించినా ఆ ఒక్క మాటతో పని జరిగిపోతుంది. జర్మన్‌లో ఈ ఐదు పనులకీ ఐదు క్రియలున్నాయి: వరసగా ష్టెలెన్, లేగెన్, జెట్సెన్, ష్టెకెన్, హెంగెన్.

ఏది వాడాలో తేల్చేది చేతి పని కాదు, చెయ్యి తీసేశాక వస్తువు ఉండే తీరు. నిలబడి ఉంటే ష్టెలెన్. పడుకుని ఉంటే లేగెన్. కూర్చుని ఉంటే జెట్సెన్. ఇరుకులో కొంతో మొత్తమో దూరి ఉంటే ష్టెకెన్. వేలాడుతుంటే హెంగెన్. కాబట్టి అదే పుస్తకాన్ని అలమరలో వరసలో నిలబెడితే ష్టెలెన్, చదవడం ఆపి బల్ల మీద పెడితే లేగెన్. తాళంచెవి బల్ల మీదైతే లేగెన్, కప్పలోకైతే ష్టెకెన్, మేకుకైతే హెంగెన్.

ఇంతవరకూ తేలికే. చిక్కు పళ్లెంతో వస్తుంది. బల్లకు అతుక్కుపోయినట్టుండే పళ్లెం జర్మన్ల లెక్కలో నిలబడే ఉంటుంది! ఇక్కడ ఎత్తు కాదు, అడుగు ముఖ్యం. పళ్లెం తన అడుగు మీద సరిగ్గా ఆనితే అది నిలబడ్డట్టు, బోర్లిస్తే పడుకున్నట్టు. చెంచాకూ ఫోర్కుకూ అడుగు లేదు, బల్ల మీద పెడితే వాటికి లేగెన్. బంతికి కూడా అంతే. చెప్పులు, మంచం, ఆగి ఉన్న కారు నిలబడతాయి. గోడ మీద ఈగ, కొమ్మ మీద పిట్ట కూర్చుంటాయి. పేపర్లో వార్త నిలబడుతుంది, బెర్లిన్ నగరం ష్ప్రే నది ఒడ్డున పడుకుని ఉంటుంది. చివరి రెండింటికీ కారణం వెతికి లాభం లేదు, అలాగే గుర్తుపెట్టుకోవాలి.

పెట్టే క్రియకు, అలా పెట్టాక ఉండే స్థితిని చెప్పే క్రియ జోడీగా ఉంటుంది. లేగెన్‌కు లీగెన్, జెట్సెన్‌కు జిట్సెన్, ష్టెలెన్‌కు ష్టేయెన్. మొదటి రెండు జోడీలూ మూలంలో పడుకోవడం–పడుకోబెట్టడం, కూర్చోవడం–కూర్చోబెట్టడం లాంటివే. ఇంగ్లిషులోని లై–లే, సిట్–సెట్ వాటి తోబుట్టువులే. పెట్టే క్రియలు భూతకాలంలో సాఫీగా నడుస్తాయి: లేగ్టె, జెట్స్‌టె, ష్టెల్టె. స్థితి క్రియలు అచ్చు మార్చుకుంటాయి: లాక్, జాస్, ష్టంట్. హెంగెన్ అయితే రెండు పాత్రలూ తనే వేస్తుంది. తగిలించామంటే హెంగ్‌టె, వేలాడిందంటే హింగ్.

మనవాళ్లు ఎక్కువగా తప్పేది దీని పక్కనే ఉన్న విభక్తి దగ్గర. ‘ఇహ్ ష్టెలె డీ ఫ్లాషె అవుఫ్ డేన్ టిష్’ అంటే సీసా బల్ల మీద పెడుతున్నాను. ‘డీ ఫ్లాషె ష్టేట్ అవుఫ్ డేమ్ టిష్’ అంటే సీసా బల్ల మీద ఉంది. తెలుగులో రెండుచోట్లా ‘బల్ల మీద’ అనే అంటాం, అందుకే చెవికి తేడా తట్టదు. టిష్ (బల్ల) లాంటి పుంలింగ పదాల ముందు, ఎక్కడికి అన్న ప్రశ్నకు జవాబైతే డేన్, ఎక్కడ అన్నదానికైతే డేమ్. ఇలా రెండు విభక్తులతోనూ నడిచే, అవుఫ్ (మీద) లాంటి మాటలు తొమ్మిదున్నాయి. సందేహం వస్తే క్రియను చూడండి: ఐదు పెట్టే క్రియల్లో ఒకటి పెట్టడం అన్న అర్థంలోనే కనిపించి, దాని వెంట ఈ తొమ్మిదిలో ఒకటి ఉంటే, మామూలుగా ‘ఎక్కడికి’ విభక్తి వైపే వెళ్లాలి.

నిజానికి జర్మన్ నేర్చుకునే తెలుగువాళ్లు మధ్యలో ‘పుట్’ను దూర్చుకోవడమే దండగ. మన ‘పెట్టు’ కూడా నానా చాకిరీ చేస్తుంది కానీ, దాన్నుంచి జర్మన్‌కు దగ్గరి దారులున్నాయి. నిలబెట్టు, కూర్చోబెట్టు, పడుకోబెట్టు అని విడదీసి చూస్తే ష్టెలెన్, జెట్సెన్, లేగెన్ ఎదురుగా కనిపిస్తాయి. అలారం పెట్టడం, దరఖాస్తు పెట్టడం రెండూ ష్టెలెన్. కామా పెట్టడం, కింద సంతకం పెట్టడం జెట్సెన్. కోడి గుడ్డు పెట్టడం లేగెన్. అన్నీ కుదరవు లెండి: పేరు పెట్టడానికి గేబెన్, అంటే ఇవ్వడం. కాఫీలో చక్కెర వేయడానికి ఐదింటిలో ఏదీ పనికిరాదు; మాటల్లో టూన్, వంటల పుస్తకాల్లో గేబెన్ వాడతారు.

ఒంటి మీద వేసుకునేవాటి దగ్గర ఇంగ్లిషు మళ్లీ ‘పుట్ ఆన్’ అని చేతులు దులుపుకుంటుంది. మనం చొక్కా వేసుకుంటాం, చీర కట్టుకుంటాం, కళ్లజోడు పెట్టుకుంటాం. జర్మన్లూ అంతే: చొక్కాకూ బూట్లకూ అన్‌త్సీయెన్, టోపీకీ కళ్లజోడుకీ అవుఫ్‌జెట్సెన్, టైకి ఉమ్‌బిండెన్. బిండెన్ అంటే కట్టడమే. ఇక ‘పుట్ ఆఫ్’, ‘పుట్ అవుట్’, ‘పుట్ అప్ విత్’ లాంటివాటిని ఈ లెక్కలోకి తేకండి. వాయిదాకు ఫెర్‌షీబెన్, మంట ఆర్పడానికి ల్యోషెన్, భరించడానికి ఎర్‌ట్రాగెన్. ఒక్కదానిలోనూ పెట్టడం అన్న ఊసే లేదు.

ష్టెకెన్ గురించి ఇంకొక్క మాట. పెట్టడానికీ, ఉండటానికీ అదే క్రియ: తాళంచెవిని కప్పలో దూర్చినా ష్టెకెన్, తాళంచెవి కప్పలో దూరి ఉన్నా ష్టెకెన్. ఎంతసేపటికీ రాని స్నేహితుడికి ఫోన్ చేసి జర్మన్లు ‘వో ష్టెక్స్ట్ డూ?’ అంటారు. ఇంగ్లిషులో చెప్పాలంటే ‘ఎక్కడున్నావు’ అని చప్పగా తేలిపోతుంది. తెలుగులో మాత్రం ఉన్నదున్నట్టు దిగుతుంది: ‘ఎక్కడ దూరావురా?’